నీటి మీద సౌర ఫలకాలు ఎందుకు? ఎలా?

విశాఖ ఉక్కు నగరానికి చేరువలో, పరవాడ వద్ద 2,000 మెగావాట్ల సామర్థ్యంతో బొగ్గును మండించే సింహాద్రి థర్మల్ కేంద్రపు జలాశయం మీదనే, 2021 ఆగస్టులో 25 మెగావాట్ల సౌర విద్యుత్ కేంద్రం తేలుతూ పనిచేయడం మొదలుపెట్టింది.

నీటి మీదనే ఎందుకంటే, నేల మీద ఒక్కో మెగావాటుకు నాలుగైదు ఎకరాలు కావాలి. పైగా ఫలకంలోని సిలికాన్ వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది కనుక నీటి చల్లదనం దానికి మేలు చేస్తుంది, ఆ నీడలో నీరు ఆవిరి కావడమూ తగ్గుతుంది. ఫలకాలను బోలు ప్లాస్టిక్ తెప్పలకు బిగించి, గాలికి కొట్టుకుపోకుండా అడుగున దించిన బరువులకు తాళ్లతో కడతారు. 2014లో హుద్‌హుద్ తుఫానును చూసిన తీరంలో ఆ కట్టు ఎంత బలంగా ఉండాలో వేరే చెప్పనక్కర్లేదు.

అసలు చిక్కు పొద్దుగుంకాక మొదలవుతుంది: వీధి దీపాలు వెలిగే వేళకు ఫలకాలు నిద్రపోతాయి. పగటి కరెంటుతో నీటిని విడగొట్టి, అందులోని హైడ్రోజన్‌ను ఇంధనంగా దాచుకోవడం ఒక ఉపాయం. అటువంటి హరిత హైడ్రోజన్ కేంద్రానికి అదే తీరంలోని పూడిమడకలో 2025 జనవరి 8న శంకుస్థాపన జరిగింది. అయితే ఈ మార్పిడిలో విద్యుత్తులో దాదాపు మూడో వంతు వృథా అవుతుంది. ఇంధనంగానే కాక, ఉక్కు తయారీలో ఇనుప ఖనిజం నుంచి ఆక్సిజన్‌ను తొలగించడానికీ హైడ్రోజన్ పనికివచ్చినా, విశాఖ ఉక్కు కర్మాగారపు కొలుములలో నేటికీ ఆ పని ప్రధానంగా చేస్తున్నది బొగ్గు నుంచి తీసిన కోకే.