క్యూ వస్తే డీలా పడకండి!

స్క్రాబుల్‌లో క్యూ బిళ్ల రాగానే మీ అబ్బాయో అమ్మాయో డీలా పడిపోతున్నారా? దానికి 10 పాయింట్లు, కానీ పక్కన యూ ఉండాలిగా అని వాళ్ల బెంగ. అక్కర్లేదండీ, ఐ ఉన్నా చాలు. ఆ మాటను 'చీ' అని పలుకుతారు (నవ్వకండి!). చైనా వాళ్ల దృష్టిలో ఒంట్లో ప్రవహించే ప్రాణశక్తి అది. చేతిలో ఇంగ్లీషు అచ్చులు ఒక్కటీ లేకపోయినా దారుంది: సీ, డబ్ల్యూ, ఎం వరసగా పెడితే 'కూమ్', అంటే కొండల్లో గిన్నెలా ఉండే లోయ. అది వెల్ష్ మాట, ఆ భాషలో డబ్ల్యూ కూడా అచ్చే.

రెండక్షరాల మాటలే వందకు పైగా ఉన్నాయి. "లిస్ట్ ఇవ్వండి టీచర్, బట్టీ పట్టిస్తాం" అని కొందరు పేరెంట్స్ అడుగుతుంటారు. పోటీల్లో అర్థం ఎవరూ అడగరు, నిజమే. కానీ అర్థం తెలియని మాట ఆ బోర్డు దాటి ఎక్కడా పనికిరాదు. వారానికి రెండు మాటలు, వాటి కథతో సహా చెప్పండి, చాలు.

'బ్యాండికూట్'తో మొదలుపెట్టొచ్చు. అది మన పందికొక్కే, తెలుగులోంచి ఇంగ్లీషులోకి వెళ్లింది! తొమ్మిది అక్షరాలు, చేతిలో ఏడే ఉంటాయి కాబట్టి రెండు బోర్డు మీద ముందే ఉండాలి. ఇడ్లీ, దోసె కూడా చెల్లుతాయి. ఏ డిక్షనరీ ప్రకారం ఆడుతున్నారో మాత్రం ముందే అనుకోండి, లేదంటే ఇడ్లీ దగ్గరే గొడవ.