కోళ్ళు తిరిగే నేల పొడిగా ఉండాలి

పెరట్లో నాలుగైదు కోళ్ళుంటే పిల్లలకు తాజా గుడ్లు దొరుకుతాయి, వంటింటి మిగులూ వృథా కాదు. అందుకే పట్నవాసంలో కూడా కొందరు గృహిణులు గూటి ముందు వలకంచె కట్టి, కొంచెం మట్టినేల వదిలి కోళ్ళను పెంచుకుంటున్నారు. వేసవి అంతా ఏ చిక్కూ ఉండదు. తొలకరి పడిన పది రోజులకు మొదలవుతుంది అసలు తంటా. నేలంతా బురద, ముక్కు పగిలే వాసన, ఈగలు, గోడ అవతలి పిన్నిగారి సణుగుడు! అంతకంటె బాధాకరమైనది, నిన్నటిదాకా చెంగుచెంగున తిరిగిన కోడిపిల్లలు రెక్కలు వాల్చి, నెత్తుటి విరోచనాలతో ఒక్కొక్కటే రాలిపోవడం.

అప్పుడు చాలామంది చేసే పని, బకెట్ల కొద్దీ నీళ్ళు గుమ్మరించి, ఫినాయిలు వేసి చీపురుతో కడగడం. సిమెంటు గచ్చుకైతే అది సరే. మట్టినేలకు మాత్రం అంతకంటె చేటు లేదు.

ఎందుకంటే, ఆ నెత్తుటి విరోచనాల జబ్బును కాక్సిడియోసిస్ అంటారు. దాన్ని కలిగించే సూక్ష్మజీవి కోడి పేగుల్లో పెరిగి, గట్టి పెంకు కట్టుకుని రెట్టతోపాటు బయటపడుతుంది. పడిన వెంటనే జబ్బు చెయ్యదు. వెచ్చదనం, గాలి, చెమ్మ దొరికితే ఒకటి రెండు రోజుల్లో పక్వానికి వస్తుంది. అప్పుడు ఆ మట్టిలో పొడుచుకు తిన్న పిల్లకు అంటుకుంటుంది. మూడు వారాలనుంచి రెండు నెలల లోపు పిల్లలకు ఈ ప్రమాదం ఎక్కువ. ఇంట్లో వాడే పలచని ఫినాయిలు నీళ్ళకు ఆ పెంకు లొంగదు. ఎండకూ పొడికీ మాత్రం తట్టుకోలేదు. అంటే కడిగినకొద్దీ క్రిమి చావదు సరికదా, దానికి కావలసిన చెమ్మను మనమే అందించినట్టవుతుంది.

కాబట్టి మొదట చూడవలసింది నేల మట్టం. కోళ్ళ జాగా పెరటికంటె పల్లంగా ఉంటే మరేం చేసినా ప్రయోజనం లేదు. వానలకు ముందే పైమట్టి రెండు మూడు అంగుళాలు చెక్కి తీసివేసి, గరుసు (తెలంగాణలో మొరం అంటారు) అరడుగు మందాన పోయించి, నీళ్ళు చిలకరించి దిమ్మిసతో కొట్టించాలి. పది అడుగులకు మూడంగుళాల వాలు పెట్టి, కంచె బయట జానెడు లోతు కాలువ తీస్తే నీరు నిలవదు. గుంటూరు, కర్నూలు వైపు నల్లరేగడిలో ఇళ్ళు కట్టుకున్నవారికి ఈ పని తప్పదు. ఆ మట్టి ఒకసారి తడిస్తే ఓ పట్టాన ఆరదు. ఎర్రనేల వారికి ఇంత అవస్థ లేదు. చూరు నీళ్ళు లోపలికి పడుతుంటే రేకు పెట్టి బయటికి మళ్ళించండి. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపాను జల్లులు పక్కవాటుగా కొడతాయి గనుక ఆ వైపు గోనెపట్టా కట్టుకోవాలి. వాన వెలిశాక మాత్రం ఎత్తెయ్యాలి, గాలి ఆడకపోతే లోపలి చెమ్మ లోపలే ఉంటుంది.

వాన సరే, కోళ్ళు తెచ్చే తడి ఒకటుంది. పెద్దకోడి రోజుకు వంద గ్రాములకు పైగా రెట్ట వేస్తుంది, అందులో సుమారు ముప్పాతిక వంతు నీరే. అయిదు కోళ్ళంటే రోజుకు అరకిలో! దీన్ని పీల్చుకోవడానికి ఊక గాని, రంపపుపొట్టు గాని మూడు నాలుగంగుళాలు పరిచి, వారానికి రెండుసార్లు దంతెతో తిరగవెయ్యాలి. గుప్పెడు తీసి పిసికి వదలండి. విడిపోతే బాగున్నట్టు. ముద్దగా నిలిచిందా, ఆ చోటు తీసేసి కొత్తది వెయ్యాలి. వేరుశనగ తొక్కు చవకే గాని తడిస్తే బూజు పడుతుంది, ఆ బూజు కోళ్ళ ఊపిరితిత్తులకు మంచిది కాదు. సున్నం చల్లదలచుకుంటే పొట్టంతా తీసేసిన ఖాళీ నేలమీద చల్లి, ఒకరోజు కోళ్ళను దూరంగా ఉంచండి. బాగా విరిసిన సున్నమే వాడాలి, లేకపోతే కాళ్ళు కాలతాయి. తడి పొట్టుమీద చల్లితే ఘాటు ఇంకా లేస్తుంది.

అన్నిటికంటె తడి ఎక్కడంటే నీళ్ళ చిప్ప చుట్టూ. దాన్ని ఇటుకలమీద కోడి వీపు ఎత్తున పెట్టి, కింద కంకర పొయ్యండి. గంజి, పులుసన్నం నేలమీద విసరకుండా పళ్ళెంలో పెట్టి, తిన్నాక తీసెయ్యండి. రాత్రి కోళ్ళు కూర్చునే కర్ర కింద పాత రేకు పరిచి బూడిద చల్లితే, తెల్లవారగానే రెట్ట ఎత్తెయ్యవచ్చు. గ్యాసు పొయ్యిల ఇళ్ళలో బూడిదెక్కడిదంటారా? జల్లించిన పొడిమట్టి చాలు.

ఇంత చేసినా రెట్టలో నెత్తురు కనిపిస్తే ఆ పిల్లను వేరుచేసి, ఆ రోజే పశువైద్యశాలలో చూపించండి. రేపు చూద్దామంటే మిగతావాటికీ పాకుతుంది.

తీసిన పాత పొట్టును పచ్చిగా మొక్కలకు వెయ్యకండి, వేళ్ళు మాడిపోతాయి. ఓ మూల కుప్పపోసి వాన తగలకుండా కప్పి, రెండు మూడు నెలలు మాగనిస్తే వంగకూ బెండకూ మంచి ఎరువు. పొట్టు ఎత్తేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకోండి, పనయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి.