పుస్తకంలో చిట్టా, బజారులో తక్‌పట్టీ: మూడు జిల్లాలలో కామర్స్ చదువు

మహబూబాబాద్ (మా విలేఖరి): మాఘ ఫాల్గుణ మాసాలు వచ్చాయంటే మహబూబాబాద్, కేసముద్రం మార్కెట్ యార్డులకు మిరప బస్తాలు బారులు తీరుతాయి. ఆ ఘాటుకు దారిన పోయేవారు కూడా ముక్కుకు తువాలు అడ్డం పెట్టుకోవలసిందే. ధర పలికి, కాంటా అయి, హమాలీలు బస్తాలను లాగేసిన తర్వాత రైతు చేతిలో మిగిలేది అరచేతి వెడల్పు కాగితం. దానిని తక్‌పట్టీ అంటారు. బస్తాలెన్ని, తూకమెంత, క్వింటాలు ధరెంత, కోతలేమేమి, చేతికి వచ్చేదెంత, అన్నీ అందులోనే. ఆరు నెలల కష్టానికి ఆరు వరుసల లెక్క.

రైతు దానిని మడిచి అంగీ జేబులో పెట్టుకుంటాడు. ఇంటికి వెళ్ళి దూలానికి వేలాడే ఇనుప తీగకు గుచ్చుతాడు. తిరిగి దానిని తీసి చదివేవారు అరుదు.

అదే పట్టణంలో ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నది. జనగామలో ఏ.బి.వి. ప్రభుత్వ డిగ్రీ కళాశాల, భూపాలపల్లిలో మరొక ప్రభుత్వ డిగ్రీ కళాశాల ఉన్నాయి. మూడూ 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం పరిధిలోనివే. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లాను విభజించిన తర్వాత ఈ మూడు పట్టణాలు జిల్లా కేంద్రాలయ్యాయి. కలెక్టరాఫీసులు వచ్చాయి, బ్యాంకులు పెరిగాయి, దుకాణాలు పెరిగాయి. లెక్క వ్రాసేవారి అవసరమూ పెరిగింది. రాష్ట్రంలో డిగ్రీ సీట్లు ఏటా కుప్పలుగా మిగిలిపోతున్నా, చేరినవారిలో ఎక్కువమంది ఇటీవలి సంవత్సరాలలో ఎంచుకుంటున్నది కామర్సే. అయితే ఆ తరగతి గదికీ ఈ మార్కెట్ యార్డుకూ మధ్య దారి ఉన్నదా? ఈ విలేఖరి తెలుసుకోదలచింది ఇదే.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. ఇల్లు వదలకుండా, ఊరి దగ్గరే, తక్కువ ఫీజుతో రెండేళ్ళు చదివి పనిలో చేరడమో పై చదువుకు పోవడమో వాటి పద్ధతి. 1901లో జోలియెట్ పట్టణంలో మొదలైనదాన్ని వాటిలో మొదటిదిగా చెబుతారు. మన దేశంలో పాండిచ్చేరి విశ్వవిద్యాలయం 1995లో అటువంటి కళాశాలను పెట్టింది. 2013లో యు.జి.సి. కూడా ఆ పేరుతో పథకం తెచ్చింది. మన మూడు జిల్లాలలో ఆ పేరు ఎవరి నోటా వినపడదు. కానీ ఆ పని చేస్తున్నది మాత్రం ఈ ప్రభుత్వ డిగ్రీ కళాశాలలే. పొద్దున ఇంట్లో పాలు పిండి, బస్సెక్కి వచ్చి, సాయంత్రం మళ్ళీ ఇంటికి చేరే పిల్లల కళాశాలలివి. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సులలో ఆడవారికి టిక్కెట్టు లేకపోవడం వల్ల గూడూరు, బయ్యారం వైపు తండాల ఆడపిల్లలకు దారి ఖర్చు తప్పింది. ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కినవారు వారిలో తక్కువేమీ కాదు.

చిట్టా, ఆవర్జా, అంకణా

బి.కాం.లో చేరిన పిల్లవానికి మొదట ఎదురయ్యేది ఫైనాన్షియల్ అకౌంటింగ్. జర్నల్, లెడ్జర్, ట్రయల్ బ్యాలెన్స్ అనే మాటలు వింటాడు. వాటిని ఇంగ్లీషులో బట్టీ పడతాడు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ వాణిజ్యశాస్త్ర పుస్తకాలలో ఈ మూడింటికీ చిట్టా, ఆవర్జా, అంకణా అని పేర్లున్నాయి. అవి అకాడమీ పండితులు కూర్చుని పుట్టించిన మాటలు కావు. పాతకాలపు కోమట్ల దుకాణాలలో చిట్టా ఆవర్జాలు లేనిదే పొద్దు గడిచేది కాదు. ఏ రోజు బేరం ఆ రోజు చిట్టాకెక్కేది. ఎవరి బాకీ వారి పేర ఆవర్జాలో పడేది. తాత దుకాణంలో ఉన్నదే మనవడి పుస్తకంలో ఉన్నది. కాని ఇంగ్లీషు మీడియం వచ్చాక ఆ సంగతి మనవడికి చెప్పేవారు లేకపోయారు. ఇంగ్లీషు వద్దనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. జి.ఎస్.టి. ఫారం తెలుగులో నింపితే కుదరదు గదా! కానీ తెలుగులో చదివి వచ్చిన విద్యార్థికి మొదటి నెల రోజులు ఈ పాత మాటలతో పాఠం చెబితే జంటపద్దు విధానం ఇట్టే బోధపడుతుంది. ఒకచోట నుంచి పోయింది మరొకచోటికి చేరాలి, రెండు ప్రక్కలా వ్రాయాలి. ఇంతే గదా దాని కిటుకు.

ఈ విలేఖరి ఇంటర్‌లో సి.ఇ.సి. చదివి అక్కడితో ఆపినవాడు. అంకణా రెండు ప్రక్కలా కుదిరితే పండుగ, కుదరకపోతే రాత్రంతా జాగారం. చదువు ఆపిన చాలా ఏళ్ళకు ఒకనాడు ఇల్లు సున్నం వేస్తూ దూలానికున్న తీగ దింపితే, నాన్న గుచ్చిన తక్‌పట్టీలు బయటపడ్డాయి. ఒకదాని మీద పెట్టుబడికి తెచ్చిన యాభై వేల బాకీ, దానిపై వడ్డీ కోత ఉన్నాయి. నూటికి రెండు రూపాయల వడ్డీ. వానాకాలం మొదట్లో అప్పు, ఎనిమిది నెలలకు పంట అమ్మకం. ఎనిమిది వేలు కావలసిన వడ్డీ తొమ్మిది వేలుగా పడింది. నెల మొదలయితే నెల కిందే లెక్క అన్నమాట. అప్పుడే చదివి ఉంటే అడిగేవాళ్ళం. అయిదేళ్ళ తర్వాత ఎవరిని అడుగుతాం?

ఆ వెయ్యి రూపాయల సంగతి అటుంచుదాం. అసలు లెక్క వేరే ఉన్నది. నూటికి రెండు రూపాయలంటే నెలకు. ఏడాదికి అది 24 శాతం. అదే యాభై వేలు బ్యాంకులో పంట రుణంగా తీసుకుంటే వడ్డీ 7 శాతం. ఎనిమిది నెలలకు 2,333 రూపాయలు. గడువులోగా తీర్చి 3 శాతం రాయితీ పొందితే 4 శాతమే పడుతుంది, అంటే 1,333 రూపాయలు. ఎనిమిది వేలెక్కడ, పదమూడు వందలెక్కడ! సాధారణ వడ్డీ లెక్క ఏడో తరగతి పిల్లలకూ వచ్చు. దానిని తన ఇంటి కాగితం మీద వేసి చూసే అలవాటే కామర్స్ చదువు ఇవ్వవలసినది. మార్కెట్ ఫీజును చట్టం ప్రకారం కొన్నవాడు కట్టాలి, అమ్మినవాడు కాదు. తక్‌పట్టీలో ఆ పేరుతో కోత కనబడితే అడగవచ్చునని బి.కాం. చదివే కూతురు తండ్రికి చెప్పగలిగితే ఆ మూడేళ్ళ చదువుకు అక్కడే కొంత ఫలితం దక్కినట్లు.

బొగ్గు గనిలో పుట్టిన సూత్రాలు

మేనేజ్‌మెంట్ పాఠం సంగతికి వస్తే భూపాలపల్లి విద్యార్థులకు ఒక విశేషం చెప్పాలి. వారు పరీక్షకు బట్టీ పట్టే పధ్నాలుగు సూత్రాలను వ్రాసిన హెన్రీ ఫెయోల్ ప్రొఫెసరు కాడు, బొగ్గు గనుల ఇంజనీరు. 1860లో పంతొమ్మిదేళ్ళ వయసులో ఫ్రాన్సులోని కొమాంత్రీ గనులలో చేరాడు. 1888లో కంపెనీ దివాలా అంచున ఉండగా దాని పగ్గాలు పట్టి నిలబెట్టాడు. ఆ అనుభవాన్నే 1916లో గ్రంథంగా వెలువరించాడు. ఒక కార్మికునికి ఒక్కరే ఆజ్ఞ ఇవ్వాలి, అధికారముంటే బాధ్యత కూడా ఉండాలి అన్నవి గని లోపల తేలిన సంగతులు. తండ్రి కాకతీయ ఖని గనిలో షిఫ్టుకు దిగుతుంటే కొడుకు కాలేజీలో అవే సూత్రాలను ఎవరో దూరదేశపు పెద్దమనిషి చెప్పినవిగా వల్లె వేస్తున్నాడు. ఇంట్లో అడిగితే ఒక్కొక్క సూత్రానికి పది ఉదాహరణలు దొరుకుతాయి.

టైలర్ కథ కూడా అంతే. అమెరికాలో బెత్లెహేం ఉక్కు కర్మాగారంలో మనిషి రోజుకు పన్నెండున్నర టన్నుల ఇనుప దిమ్మెలు ఎత్తేవాడనీ, తన పద్ధతితో నలభై ఏడు టన్నులు ఎత్తించాననీ 1911 నాటి పుస్తకంలో ఆయన వ్రాసుకున్నాడు. కూలి మాత్రం డాలరు 15 సెంట్ల నుంచి డాలరు 85 సెంట్లకు పెరిగింది. పని నాలుగింతలకు దగ్గరైతే కూలి రెండింతలు కూడా కాలేదన్నమాట. మహబూబాబాద్ యార్డు హమాలీకి ఈ పాఠం వినిపిస్తే ఏమంటాడో ఊహించుకోవచ్చు. ఆ మాట కూడా పరీక్షలో వ్రాయదగినదే అని ఈ విలేఖరి అభిప్రాయం.

భూపాలపల్లిలో చదువుకున్నవారి కళ్ళన్నీ సింగరేణి మీదే. చెల్పూరులో 500, 600 మెగావాట్ల రెండు యూనిట్ల కాకతీయ థర్మల్ కేంద్రమూ ఉన్నది. రైలు సౌకర్యం లేని ఊరికి ఇవే పెద్ద దిక్కు. కాగా 2022లో సింగరేణి 177 జూనియర్ అసిస్టెంట్ పోస్టులకు ప్రకటన ఇస్తే దరఖాస్తులు లక్షకు దగ్గరగా వచ్చాయి. ఒక్కొక్క కుర్చీకి అయిదు వందల మందికి పైన. ఆ కుర్చీ కోసమే డిగ్రీ చదవడమంటే లాటరీ టిక్కెట్టు కొన్నట్లే.

కుర్చీలు ఇక్కడా ఉన్నాయి

లెక్కలు తెలిసినవారు కావలసిన చోట్లు మరికొన్ని ఉన్నాయి. వాటి పేర్లు తరగతి గదిలో వినపడవు. 2020లో కేంద్రం ప్రారంభించిన పది వేల రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకంలో ఒక్కొక్క సంఘానికి మొదటి మూడేళ్ళు ముఖ్య కార్యనిర్వహణాధికారి జీతానికి నెలకు 25 వేల వరకు, అకౌంటెంటు జీతానికి 10 వేల వరకు సాయం ఉన్నది. అధికారి పదవికి వ్యవసాయ పట్టభద్రులతో పాటు బి.బి.ఏ. చదివినవారూ అర్హులే. అకౌంటెంటుకు ఇంటర్‌లో లెక్కలో, కామర్సో ఉంటే చాలు. జీతం గొప్పది కాదు, నిజమే. మూడేళ్ళ తర్వాత సంఘం తన కాళ్ళ మీద నిలబడితేనే ఆ ఉద్యోగం నిలుస్తుంది. అది నిలబడడం కూడా ఆ లెక్కలు వ్రాసేవారి చేతిలోనే ఉన్నది గదా!

వడ్ల కొనుగోలు కేంద్రాల సంగతి ఇంకా దగ్గరిది. ఐ.కె.పి. కేంద్రాలను నడిపేది గ్రామ సమాఖ్యల మహిళలే. తేమ 17 శాతానికి మించకూడదు. గోనె సంచులు ఎన్ని వచ్చాయి, ఎన్ని నిండాయి, ఏ లారీలో ఎన్ని పోయాయి, మిల్లు ఎంత తరుగు తీసింది, ఏ రైతు ఖాతాలో పడింది, ఎవరిది పడలేదు, ఇవన్నీ రోజూ వ్రాయాలి. ఒక్క సీజనులో ఒక కేంద్రం మీదుగా కోట్ల విలువైన ధాన్యం పోవచ్చు. సంచి లెక్క తప్పితే తిట్లు పడేది ఆ అక్కలకే. ఇటువంటి కేంద్రంలో ఒక నెల కూర్చున్న విద్యార్థికి స్టాకు రిజిస్టరు గురించి ఏ మేష్టారూ మళ్ళీ చెప్పనక్కరలేదు.

జనగామ పక్కనే పెంబర్తి ఉన్నది. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన ఇత్తడి కళ అక్కడిది. గుడి ద్వారాలకు తొడుగులు, దేవతామూర్తుల కవచాలు చేసే విశ్వకర్మల చేతిలో నైపుణ్యానికి లోటు లేదు. అయితే ధర చెప్పేటప్పుడు ఇత్తడి రేకు ఖరీదు కలుపుతారు, కూలి కలుపుతారు. ముక్కలుగా పోయిన రేకు, మెరుగు ఖర్చు, డబ్బు కోసం ఎదురుచూసిన నెలల వడ్డీ ఎన్నిసార్లు కలుస్తాయి? కాస్ట్ అకౌంటింగ్ పుస్తకంలో ఊరూపేరూ లేని కంపెనీ లెక్కలు చేసే జనగామ విద్యార్థికి ఇంతకంటె మంచి లెక్క ఎక్కడ దొరుకుతుంది?

బి.కాం. ఆఖరున ప్రాజెక్టు రిపోర్టు అని ఒకటి ఉన్నది. అది జిరాక్స్ షాపులో పుట్టి జిరాక్స్ షాపులోనే బైండు కావడం చాలాచోట్ల జరుగుతున్నదే. పొరుగున ఆంధ్రప్రదేశ్‌లో 2020-21 నుంచి డిగ్రీ విద్యార్థులకు మూడేళ్ళలో పది నెలల ఇంటర్న్‌షిప్‌ను తప్పనిసరి చేశారు. అందులో మొదటి రెండు నెలలు ఊరిలో సమాజ సేవా ప్రాజెక్టు. అక్కడ కూడా కాగితాల మీద నడిచిన ఇంటర్న్‌షిప్‌లు లేకపోలేదు. అయినా దారి అంటూ ఒకటి పడింది. మన దగ్గర అటువంటిది పెట్టదలిస్తే వేసవి సెలవుల కోసం చూడనక్కరలేదు. మిరప వచ్చేది ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా. యాసంగి వడ్లు వచ్చేది ఏప్రిల్, మే నెలలలో. పత్తి అక్టోబరులో మొదలవుతుంది. వారానికి రెండు పూటలు యార్డులో ఒక బల్ల వేసి, విద్యార్థులచేత రైతుల తక్‌పట్టీలు చదివించి కోతలు ఏవేవో చెప్పించినా చాలు. దానికి ప్రభుత్వ ఉత్తర్వు కూడా అక్కరలేదు. మార్కెట్ కమిటీ, ప్రిన్సిపాలు ఒక మాట అనుకుంటే జరిగే పని. అడ్తిదారులలో కొందరికి నచ్చకపోవచ్చు. లెక్క సరిగ్గా ఉన్నవారికి ఇబ్బందేమిటి?

ఇంటర్ పూర్తయినవారు డిగ్రీలో చేరడానికి 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతి ఉన్నది. ప్రకటన సాధారణంగా మే నెలలో వెలువడుతుంది. మొదటి విడతలో రిజిస్ట్రేషన్ రుసుము 200 రూపాయలు, తర్వాతి విడతలలో 400 రూపాయలు. సి.ఇ.సి. వారే కాదు, ఇంటర్‌లో ఏ గ్రూపు వారయినా బి.కాం. కోరవచ్చు. బి.బి.ఏ. కోర్సు 2024-25 నుంచి ఏ.ఐ.సి.టి.ఇ. ఆమోదం క్రిందికి వచ్చినందున, ప్రైవేటు కళాశాలలో చేరేవారు ఆ ఆమోదం ఉన్నదీ లేనిదీ ముందే అడిగి తెలుసుకోవడం మంచిది. పనిలో ఉండి కళాశాలకు రాలేనివారికి 1982లో ప్రారంభమైన అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం ద్వారా బి.కాం. చదివే అవకాశం ఉన్నది. దరఖాస్తుకు పోయేటప్పుడు ఆధార్‌తో అనుసంధానమైన మొబైల్ ఫోను వెంట ఉండాలి. ఓ.టి.పి. దానికే వస్తుంది. తండ్రి ఫోను ఆయన జేబులో చేను దగ్గర ఉండిపోతే ఆ పూట పని జరగదు.