కొల్లేటి నీళ్లకు ఏమైంది?

కొల్లేరు పేరు వినని తెలుగువాళ్లు తక్కువ. ఎంతకీ తెగని మాటను ‘కొల్లేటి చాంతాడు’ అంటారు. అంత పెద్దది ఆ సరస్సు. ఏలూరు పట్టణానికి దక్షిణాన, కృష్ణా గోదావరి డెల్టాల నడుమ ఉంది. రెండు నదులూ ఒండ్రు తెచ్చి పోశాయి. మధ్యలో పల్లం మిగిలింది. ఆ పల్లంలో నీళ్లు నిలిచాయి. అదే కొల్లేరు.

కొల్లేటిలోకి తమ్మిలేరు వస్తుంది. బుడమేరు వస్తుంది. ఎన్నో మురుగు కాలవలు వస్తాయి. బయటికి పోయే దారి మాత్రం ఒక్కటే. దాని పేరు ఉప్పుటేరు. ఉప్పుటేరు సుమారు 60 కిలోమీటర్లు ప్రయాణం చేసి సముద్రంలో కలుస్తుంది.

కొల్లేరు మంచినీటి సరస్సు. ఒకప్పుడు లంక గ్రామాల ఆడవాళ్లు ఆ నీళ్లే బిందెలతో ముంచుకుని తెచ్చుకునేవాళ్లు. వాటితోనే వంట, వాటితోనే దాహం. ఇప్పుడు చాలా లంకల్లో తాగే నీళ్లు డబ్బిచ్చి కొంటున్నారు. ఇంటి చుట్టూ నీళ్లే. గొంతు తడుపుకోవడానికి మాత్రం పనికిరావు. ఎందుకిలా అయింది?

నీళ్లలోని బలం

పైరుకు బలం కావాలి. పశువుకు బలం కావాలి. మనిషికీ బలం కావాలి. ఆ బలాన్నిచ్చే వాటిని పోషకాలు అంటారు. వాటిలో ముఖ్యమైనవి రెండు. ఒకటి నత్రజని. రెండోది భాస్వరం. ఆకు పచ్చగా ఎదగాలంటే నత్రజని కావాలి. వేరు బలంగా పట్టాలంటే, గింజ నిండాలంటే భాస్వరం కావాలి. మనిషి కండలో నత్రజని ఉంది. ఎముకలో భాస్వరం ఉంది.

ఈ పోషకాలు ఒకచోట నిలిచి ఉండవు. తిరుగుతూ ఉంటాయి. ఎలాగంటే, సరస్సు అడుగున ఉన్న బురదలోనుంచి, నీళ్లలోనుంచి మొక్కలు పోషకాలను పీల్చుకుంటాయి. ఆ మొక్కలను పురుగులు, నత్తలు తింటాయి. వాటిని చేపలు తింటాయి. చేపలను కొంగలు, గూడబాతులు తింటాయి. పక్షుల రెట్ట మళ్లీ నీళ్లలోనే పడుతుంది. చచ్చిన మొక్క, చచ్చిన చేప కుళ్లి బురదలో కలుస్తాయి. కంటికి కనిపించని సూక్ష్మజీవులు వాటిని మళ్లీ పోషకాలుగా మారుస్తాయి. మళ్లీ మొక్క పీల్చుకుంటుంది.

పేడ పెంటకుప్పలో పడుతుంది. పెంట పొలానికి వెళుతుంది. పొలంలో గడ్డి మొలుస్తుంది. గడ్డి గేదె తింటుంది. మళ్లీ పేడ. ఇదీ అలాంటి తిరుగుడే. దీన్నే పోషకాల చక్రం అంటారు. ఈ చక్రంలో వృథా అన్నది లేదు. ఒకరు వదిలింది ఇంకొకరికి తిండి అవుతుంది.

కొల్లేరు చేసే చాకిరీ

కొల్లేటి లాంటి చిత్తడి నేల ఇంకో పని కూడా చేస్తుంది. నీళ్లను వడకడుతుంది. పై నుంచి వచ్చే నీళ్లు తుంగలో, రెల్లులో, తామరలో మెల్లగా నడుస్తాయి. నీటితో వచ్చిన మట్టి అడుగుకు దిగుతుంది. మొక్కలు పోషకాలను లాగేసుకుంటాయి. బురదలో కొన్ని సూక్ష్మజీవులు ఉంటాయి. అవి నీళ్లలో మిగిలిన నత్రజనిని గాలిగా మార్చి పైకి పంపేస్తాయి. ఇంత పెద్ద పనికి కొల్లేరు ఎవరినీ కూలి అడగదు.

భాస్వరం సంగతి వేరు. అది గాలిలోకి పోదు. బురదలోనే పేరుకుపోతుంది. ఈ తేడాను గుర్తుంచుకోవాలి. సరస్సులోకి భాస్వరం రావడం ఆగిపోయినా పాత భాస్వరం బురదలో చాలా ఏళ్లు ఉంటుంది. అందుకే ఒకసారి పాడైన చెరువు ఒక్క ఏడాదిలో బాగుపడదు.

వరద వచ్చినప్పుడు కూడా కొల్లేరే దిక్కు. పై నీళ్లను తనలో పట్టి, నెమ్మదిగా సముద్రానికి వదులుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కాలనీలు మునిగాయి. ఆ బుడమేరు చివరికి చేరేది కొల్లేటికే.

బలం ఎక్కువైతే

పోషకం మంచిదే. కానీ అన్నంలో ఉప్పు ఎక్కువైతే ఏమవుతుంది? తినలేం. నీళ్లలో పోషకం ఎక్కువైనా అంతే.

కొల్లేటిలోకి ఎక్కువ పోషకాలు ఎక్కడినుంచి వస్తున్నాయి?

మొదటిది, పొలాలనుంచి. ఇప్పుడొచ్చే యూరియా బస్తా 45 కిలోలు. అందులో దాదాపు 21 కిలోలు నత్రజని. వరి మడిలో చల్లిన యూరియాలో సగం కూడా పైరుకు అందదు. మిగిలింది కొంత గాలిలో పోతుంది. కొంత నీళ్లతో కలిసి మురుగు కాలవలో పడుతుంది. అంటే రైతు డబ్బే కాలవలో కొట్టుకుపోతుంది.

రెండోది, పట్టణాలనుంచి. ఇళ్ల మురుగు, మరుగుదొడ్ల నీళ్లు శుద్ధి కాకుండా ఏళ్లలోకి వదిలితే అవన్నీ సరస్సుకే చేరతాయి. వాటితోపాటు రోగాల సూక్ష్మజీవులు కూడా వస్తాయి.

మూడోది, చేపల చెరువులనుంచి. 1970ల తరవాత కొల్లేటిలో గట్లు వేసి చెరువులు తవ్వడం పెరిగింది. చేపలకు తవుడు, చెక్క వేస్తారు. నీళ్లలో కోళ్ల ఎరువు, సూపరు, యూరియా కలుపుతారు. చేపలు తినగా మిగిలింది అడుగున కుళ్లుతుంది. చేపలు పట్టాక ఆ నీళ్లను బయటికి తోడేస్తారు. అవీ సరస్సులోకే పోతాయి. పైగా గట్లు అడ్డం పడి నీళ్ల నడక మందగిస్తుంది. నడవని నీరు త్వరగా పాడవుతుంది.

తెల్లవారుజామున చేపలు ఎందుకు తేలతాయి?

పోషకాలు ఎక్కువైన నీళ్లలో నాచు విపరీతంగా పెరుగుతుంది. నీళ్లు పచ్చగా, చిక్కగా అవుతాయి. ఎండ అడుగుకు దిగదు. అడుగునున్న మొక్కలు చచ్చిపోతాయి.

చేపలు కూడా ఊపిరి పీల్చాలి. నీళ్లలో కలిసిన ప్రాణవాయువును అవి మొప్పలతో తీసుకుంటాయి. పగలు ఎండలో నాచు ప్రాణవాయువు వదులుతుంది. రాత్రి మాత్రం నాచు కూడా ప్రాణవాయువును పీల్చుకుంటుంది. చచ్చిన నాచును కుళ్లబెట్టే సూక్ష్మజీవులూ పీల్చుకుంటాయి. తెల్లవారేసరికి నీళ్లలో ప్రాణవాయువు అడుగంటుతుంది. చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. మబ్బు పట్టిన రోజుల్లో ఇది ఇంకా ఎక్కువ. ఒక్కోసారి తెల్లారేసరికి చేపలన్నీ వెల్లకిలా తేలతాయి.

కొర్రమీను పై గాలిని కూడా పీల్చగలదు. కాబట్టి కొంత తట్టుకుంటుంది. బొచ్చె, శీలావతి తట్టుకోలేవు. గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి చేపలమ్మే ఆడదానికి ఇది చిన్న సంగతి కాదు. చేప చస్తే ఆ పూట ఆమె ఇంట్లో పొయ్యి వెలగదు.

ప్రాణవాయువు పోయిన చోట ఇంకో ముప్పు ఉంది. అప్పుడు బురదలో దాగిన భాస్వరం మళ్లీ నీళ్లలోకి వస్తుంది. నాచు ఇంకా పెరుగుతుంది. చక్రం తిరుగుతూనే ఉంటుంది. కాకపోతే మంచికి తిరిగే చక్రం ఇప్పుడు చెడుకు తిరుగుతుంది.

గుర్రపుడెక్క

గుర్రపుడెక్క మన దేశపు మొక్క కాదు. దక్షిణ అమెరికానుంచి వచ్చింది. ఊదారంగు పూలు అందంగా ఉన్నాయని తెచ్చి పెంచారు. ఇప్పుడు చెరువులనూ కాలవలనూ కప్పేస్తోంది. పడవ కదలదు. వల పడదు. దాని కింద దోమలు పెరుగుతాయి.

పోషకాలు ఎక్కువున్న చోటే గుర్రపుడెక్క బాగా పెరుగుతుంది. దాన్ని చూస్తే చాలు, నీళ్లలో మురుగు కలుస్తోందని చెప్పవచ్చు. ఇది నీళ్లలోని నత్రజనిని, భాస్వరాన్ని పీల్చి తన ఒంట్లో దాచుకుంటుంది. నీళ్లలోనే వదిలేస్తే కుళ్లి, మళ్లీ నీళ్లలోనే కలుపుతుంది. మందు కొట్టి చంపినా అంతే. గట్టుకు లాగి, పేడతో కలిపి కుప్ప వేస్తే మాత్రం మంచి కంపోస్టు అవుతుంది. పొలంనుంచి వచ్చిన బలం తిరిగి పొలానికే చేరుతుంది. ఫ్యాక్టరీల నీళ్లు కలిసే చోట పెరిగిన గుర్రపుడెక్కలో సీసం లాంటి లోహాలు ఉండవచ్చు. దాన్ని కూరగాయల మళ్లకు వాడకూడదు.

పసిబిడ్డలకు ముప్పు

నీళ్లలో కలిసిన నత్రజని ‘నైట్రేటు’ అనే రూపంలో ఉంటుంది. ఇది బావుల్లోకి, బోర్లలోకి కూడా దిగుతుంది. దీనికి రంగు లేదు. వాసన లేదు. తాగే నీళ్లలో నైట్రేటు లీటరుకు 45 మిల్లీగ్రాములకు మించకూడదని మన దేశంలో నియమం ఉంది.

ఆరు నెలల లోపు పసిబిడ్డకు ఇది ప్రమాదం. పోత పాలలో ఇలాంటి నీళ్లు కలిపి పడితే, బిడ్డ రక్తం ప్రాణవాయువును మోయలేకపోతుంది. పెదవులు, గోళ్లు నీలంగా మారతాయి. వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

చాలామంది నీళ్లు కాచితే సరిపోతుందనుకుంటారు. కాచితే రోగాల సూక్ష్మజీవులు చస్తాయి. నిజమే. కానీ నైట్రేటు పోదు. నీళ్లు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలిన నీళ్లలో నైట్రేటు పాలు ఇంకా పెరుగుతుంది. ఆరు నెలల వరకు తల్లిపాలు తప్ప ఏమీ వద్దని, నీళ్లు కూడా పట్టవద్దని వైద్యులు చెబుతారు. అందుకు ఇదీ ఒక కారణం.

నీళ్లమీద పచ్చని పాచి తెట్టుకట్టిన చెరువులో ఆ నీళ్లు తాగకూడదు. పశువులను కూడా తాగనివ్వకూడదు. కొన్ని రకాల పాచిలో విషం ఉంటుంది. కాచినా ఆ విషం పోదు.

కాపాడడానికి చేసిన పనులు

1999లో ప్రభుత్వం కొల్లేటిని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించింది. సుమారు 308 చదరపు కిలోమీటర్లు దీనికిందికి వచ్చింది. అంటే 75 వేల ఎకరాలకు పైనే. 2002లో కొల్లేటికి రామ్‌సార్ జాబితాలో చోటు దొరికింది. ప్రపంచంలో కాపాడుకోవలసిన చిత్తడి నేలల జాబితా అది. 2006లో సుప్రీంకోర్టు ఆదేశాలమీద అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు కొట్టేశారు. ఆ చెరువులమీద బతికే కుటుంబాలు చాలా ఇబ్బంది పడ్డాయి. తరవాత చాలాచోట్ల చెరువులు మళ్లీ వెలిశాయి.

దీన్నిబట్టి ఒక సంగతి తెలుస్తుంది. గట్లు కొడితేనే చాలదు. బతుకుతెరువు చూపాలి. పై నుంచి వచ్చే మురుగును ఆపాలి. రెండూ జరగకపోతే కొల్లేరు తేరుకోదు.

ఎవరు ఏం చేయవచ్చు?

పట్టణాల మురుగును శుద్ధి చేయడం మునిసిపాలిటీల పని. ఫ్యాక్టరీలను అదుపు చేయడం ప్రభుత్వం పని. వాటిని అడగడం జనం హక్కు. ఊళ్లో, ఇంట్లో చేయగలిగినవి కూడా ఉన్నాయి.

• యూరియా ఒక్కసారే కుమ్మరించకూడదు. రెండు మూడు దఫాలుగా వేయాలి. వేసేముందు మడిలో నీళ్లు తగ్గించాలి. వేశాక రెండు రోజులు నీళ్లు బయటికి వదలకూడదు. వాన పడేలా ఉంటే వేయకూడదు.

• భూసార పరీక్ష చేయించి, భూమికి కావలసినంతే ఎరువు వేయాలి.

• జనుము, జీలుగ వేసి దున్నాలి. వరి తరవాత మినుము, పెసర వేయాలి. వీటి వేళ్లమీద బుడిపెలు ఉంటాయి. వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి భూమికి ఇస్తాయి. ఖర్చు తగ్గుతుంది. కాలవలో కలిసే యూరియా తగ్గుతుంది.

• పెంటకుప్ప, మరుగుదొడ్డి గుంట చెరువుకు, బావికి, బోరుకు దూరంగా ఉండాలి.

• చెరువు గట్టున తుంగ, రెల్లు పూర్తిగా పీకేయకూడదు. నీళ్లను వడకట్టేవి అవే.

• తాగే నీళ్లను పరీక్ష చేయించాలి. 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్‌లో, ప్రతి ఊళ్లో అయిదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్ష నేర్పించాలని ఉంది. పరీక్ష పెట్టెలో చిన్న సీసాలు, రంగుల కార్డు ఉంటాయి. నీళ్లలో మందు కలిపి, వచ్చిన రంగును కార్డులోని రంగుతో పోల్చాలి. పక్కనున్న అంకె చదవాలి. అంకె 45 దాటితే ఆ నీళ్లు పసిబిడ్డకు పట్టకూడదు. పంచాయతీలో చెప్పి, కాగితంమీద రాయించాలి.

ఆ అంకె చదవడానికి పెద్ద చదువు అక్కరలేదు. అక్షరాలు, అంకెలు వచ్చిన ఏ ఆడమనిషైనా చదవగలదు.

చర్చించండి

1. మీ ఊరి చెరువులోకి ఏ ఏ నీళ్లు వచ్చి చేరుతున్నాయి?

2. నీళ్లు కాచితే ఏం పోతుంది? ఏం పోదు?

3. మీ ఊళ్లో నీటి పరీక్ష పెట్టె ఎవరి దగ్గర ఉంది? కిందటిసారి ఎప్పుడు పరీక్ష చేశారు?

4. చేపల చెరువులమీద బతికే కుటుంబం, కొల్లేటి నీళ్లు తాగే కుటుంబం, ఇద్దరికీ మేలు జరగాలంటే ఏం చేయాలి?