వరుస నడుమ చోటు చేయుట



వ్రాతప్రతిలో నడుమ నొక పదము తప్పిపోయినచో లేఖకుడు హంసపాదు గుర్తునుంచి, ఆ పదమును పంక్తిపైననో అంచుననో వ్రాసెడివాడు. తక్కిన అక్షరములను కదలింపవలసిన పని లేకుండెడిది. కంప్యూటరునందు ‘అర్రే’ యను వరుసకు ఈ సౌకర్యము లేదు.

అర్రే యనగా యంత్రపు జ్ఞాపకమునందు ఎడము లేక ఒకదాని ప్రక్క నొకటిగా నుండు సమానమైన గదుల వరుస. సీ మొదలగు భాషలలో గదుల లెక్క సున్నతో ఆరంభమగును. ఆదిలోనే హంసపాదని నవ్వకుడు. మొదటి గది దాటి ఎన్ని గదులు పోవలెనో ఆ సంఖ్య తెలుపుచున్నది. ఆ సంఖ్యను గది పరిమాణముచే గుణించి మొదటి గది చిరునామాకు కూడినచో, వేయవ గదియైనను తక్షణమే దొరకును. వరుస ఎడతెగకుండుటవలన కలుగు లాభ మిది. నడుమ చేర్చుటలోని కష్టమును దానివలననే పుట్టినది.

చెరువునీటి వంతుల పట్టిక నొకదానిని ఊహింపుడు. క, చ, ట, త, ప అను ఐదుగురు రైతులు 0 మొదలు 4 వరకు గల గదులలో నున్నారు. 5వ సంఖ్య గది ఖాళీ. య అను రైతును చ తరువాత, అనగా 2వ సంఖ్య గదిలో, చేర్చవలెను. తొందరపాటువాడు ముందుగా ట ను 3లోనికి నెట్టును. అచ్చట నున్న త చెరిగిపోవును. పిదప 3లోనిదానిని 4లోనికి నెట్టును. అది ఇప్పుడు ట యే గదా! ప కూడ మాయమగును. తుదకు పట్టిక క, చ, య, ట, ట, ట అయి నిలుచును. యంత్రము అభ్యంతరము చెప్పదు. గదులు ఆరును నిండియే యున్నవి. త, ప అనువారి చేలు ఎండువరకు తప్పు ఎవరికిని తెలియదు.

భోజనపు బంతిలో నడుమ నొకరికి చోటు కావలెనన్నచో చివరివాడు మొదట జరుగవలెను. ఇచ్చటను అంతే. ప 5నకు, త 4నకు, ట 3నకు పోయినపిదప య 2లో కూర్చుండును. పైథాన్ భాషలో ‘ఇన్సర్ట్’ అను ఒక్క మాటతో ఇదంతయు జరుగును గాని, లోపల జరుపుట తప్పలేదు. లక్ష పేర్ల పట్టికలో మొట్టమొదట చేర్చినచో లక్షయు కదలవలెను. తుద చేర్చినచో ఒక్కటియు కదలదు. ఖాళీ గదియే లేనప్పుడు వేరొకచోట పెద్ద వరుస సంపాదించి, అన్నిటిని అచ్చటికి ఎత్తి వ్రాయవలెను.

హంసపాదువంటి ఉపాయము లేకపోలేదు. 1955–56 ప్రాంతమున అమెరికాలో న్యూయెల్, షా, సైమన్ అనువారు తమ ఐ.పి.ఎల్. భాషకై ‘లింక్డ్ లిస్టు’ను కల్పించిరి. అందు ప్రతి పేరును తన తరువాతిది ఎచ్చట నున్నదో చెప్పుచుండును. క్రొత్తదానిని చేర్చుటకు రెండు చిరునామాలు సరిచేసిన చాలును. కాని వేయవదానిని చూడగోరినచో మొదటిదానినుండి ఒక్కొక్కదానినే అడుగుచు పోవలెను. నీటివంతులవంటి చిన్న పట్టికకు అర్రేయే మేలని నా యభిప్రాయము. మూడు పేర్లు జరుపుట యంత్రమునకు ఒక శ్రమ కాదు.