ఫోను మీది, తాళం ఎవరిది?

అమెరికాలో చదువుకుంటున్న అన్నయ్య సెలవులకు యింటికి వస్తూ నాన్నగారికి ఒక ఫోను తెచ్చాడనుకోండి. అక్కడ తను రెండేళ్లు వాడినదే, అయినా కొత్తదానిలా మెరుస్తున్నది. నాన్నగారు ముచ్చటపడి తన పాత ఫోనులోంచి సిమ్ కార్డు తీసి అందులో పెట్టారు. ఫోను వెలిగింది. తెర మీద బొమ్మలన్నీ వచ్చాయి. కాని ఎవరికి చేసినా కలవదు. ఈ సిమ్ చెల్లదని ఒక ముక్క మాత్రం కనిపిస్తున్నది. సిమ్‌లో లోపం లేదు, పాత ఫోనులో చక్కగా పనిచేస్తున్నది. కొత్త ఫోనులోనూ లోపం లేదు. మరి అడ్డం ఎక్కడుంది?

అడ్డుపడింది ఒక తాళం. యీ తాళాన్ని యినుముతో కాదు, అంకెలతో చేశారు. అదెలా పనిచేస్తుందో ముందు చూద్దాం.

సిమ్ కార్డులో సాధారణంగా 15 అంకెల సంఖ్య ఒకటి దాగి వుంటుంది. మనం డయలు చేసే నంబరు వేరు, యిది వేరు. దీని మొదటి మూడంకెలు దేశాన్ని తెలుపుతాయి. మన సిమ్‌లలో అవి 404 గాని 405 గాని అయి వుంటాయి. అమెరికా సిమ్‌లలో చాలావాటికి 310 లేదా 311. ఆ తరువాతి రెండు మూడు అంకెలు అది ఏ కంపెనీ సిమ్మో చెబుతాయి. తాళం వేసిన ఫోను, సిమ్ పెట్టగానే యీ అంకెలు చదివి, తన జ్ఞాపకంలో దాచుకున్న అంకెలతో పోల్చి చూసుకుంటుంది. సరిపోతే లోపలికి రానిస్తుంది. లేకపోతే గడప దాటనివ్వదు. విప్పాలంటే కంపెనీవారు యిచ్చే రహస్య సంఖ్య కావాలి, లేదా వారే తమ కంప్యూటరు నుంచి విప్పాలి.

కంపెనీలు యీ తాళం ఎందుకు వేస్తాయి? అమెరికాలో చాలాకాలం ఒక పద్ధతి సాగింది. ఖరీదైన ఫోనును తక్కువ ధరకు యిస్తారు. రెండేళ్లపాటు తమ దగ్గరే వుంటానని కొన్నవారిచేత ఒప్పందం రాయించుకుంటారు. మిగతా సొమ్మును నెల నెలా బిల్లులో రాబట్టుకుంటారు. మధ్యలో మరో కంపెనీకి వెళ్లిపోకుండా యీ తాళం. బాకీ తీరేదాకా పొలం కాగితాలు షావుకారు పెట్టెలో వుండడం లాంటిదే. అందులో కొంత న్యాయం లేకపోలేదు. అయితే తాళం విప్పినంత మాత్రాన ఒప్పందం రద్దు కాదు. కట్టవలసిన డబ్బు కట్టవలసిందే. పైగా బాకీ తీరినా తాళం దానంతట అది ఊడిపోయేది కాదు.

సరే, యిది కంపెనీకీ కొన్నవారికీ మధ్య వ్యవహారం. మధ్యలోకి చట్టం ఎలా వచ్చింది? అసలు కథ యిక్కడే వుంది.

1998 అక్టోబరులో అమెరికాలో కాపీరైటుకు సంబంధించి ఒక కొత్త చట్టం వచ్చింది. సినిమాలను, పాటలను కంప్యూటరుతో యిట్టే నకళ్లు తీయడం అప్పుడప్పుడే మొదలవుతున్నది. అందుకని, కాపీరైటు వున్న రచనకు కాపలాగా పెట్టిన ఎలక్ట్రానిక్ తాళాన్ని విప్పడమే నేరం అన్నారు. జాగ్రత్తగా చదవండి: నకలు తీశారా లేదా అన్న ప్రశ్న లేదు, తాళం విప్పితే చాలు. ఆ చట్టం రాసినప్పుడు అందరి దృష్టీ సినిమాల మీదే వుంది. కాని ఫోనులో వుండే ప్రోగ్రాము కూడా చట్టం దృష్టిలో పుస్తకంలాంటి రచనే. కనుక ఫోను తాళం కూడా దాని కిందకు వచ్చిపడింది. డబ్బుకోసం తాళాలు విప్పేవారికి మొదటిసారికే 5 లక్షల డాలర్ల దాకా జరిమానా, 5 ఏళ్ల దాకా జైలు!

అయితే చట్టంలోనే ఒక కిటికీ వుంచారు. మూడేళ్లకొకసారి ప్రజలు తమ యిబ్బందులు చెప్పుకోవచ్చు. విని మినహాయింపులు ప్రకటించేది ఎవరో తెలుసా? వాషింగ్టన్‌లోని లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ గ్రంథాలయానికి అధిపతి! గ్రంథాలయ అధికారికీ ఫోనుకూ ఏమిటి సంబంధమని మీరు నవ్వవచ్చు. ఆ దేశపు కాపీరైటు కార్యాలయం వున్నది ఆ గ్రంథాలయంలోనే. 2006లో ఫోను తాళాలకు మొదటిసారి మినహాయింపు దొరికింది.

మరుసటి ఏడు, 2007 జూన్‌లో ఐఫోన్ బజారుకు వచ్చింది. అమెరికాలో అది ఏటీ అండ్ టీ అనే ఒక్క కంపెనీతోనే పనిచేసేది. న్యూజెర్సీలో జార్జి హాట్జ్ అనే 17 ఏళ్ల కుర్రాడు వేసవి అంతా దానితోనే గడిపాడు. ఫోను విప్పి, సర్క్యూటు బోర్డు మీద సన్నని సాల్డరింగు చేసి, కొత్త ప్రోగ్రాము ఎక్కించి, ఆగస్టులో మరో కంపెనీ సిమ్‌తో దాన్ని పలికించాడు. అలా విప్పిన ఫోను ఒకటి యిచ్చి, బదులుగా ఒక నిస్సాన్ కారు, మరి మూడు ఐఫోన్లు పుచ్చుకున్నాడు! (మీరు మాత్రం నాన్నగారి ఫోను మీద సాల్డరింగు కడ్డీ పెట్టకండి. కారు రాదు సరిగదా, ఫోనూ మిగలదు.)

తయారు చేసినవారు అనుమతించని ప్రోగ్రాములను ఫోనులో పెట్టుకోవడాన్ని అమెరికన్లు జైల్‌బ్రేక్ అంటారు, అంటే జైలు గోడ బద్దలు కొట్టడమన్నమాట. 2010లో దీనికి కూడా మినహాయింపు వచ్చింది. అలా చేస్తే టెలిఫోను టవర్లకే ముప్పు రావచ్చునని ఆపిల్ సంస్థ వాదించినా లాభం లేకపోయింది.

ఇక 2012 అక్టోబరులో గాలి మళ్లింది. బజారులో తాళం లేని ఫోన్లు కావలసినన్ని వున్నాయి కనుక మినహాయింపు అవసరం లేదన్నారు. ఫోను కొన్నవారిదే అయినా, లోపలి ప్రోగ్రాము వారి సొంతమని తేలలేదన్నారు. 2013 జనవరి 26 తరువాత కంపెనీ దగ్గర కొన్న ఫోనుకు, కంపెనీ అనుమతి లేకుండా తాళం విప్పరాదన్నారు. అంటే జనవరి 20న ఫోను కొన్న అన్న దాన్ని విప్పుకోవచ్చు. ఫిబ్రవరి 1న అదే దుకాణంలో, అదే ఫోను కొన్న తమ్ముడు విప్పితే చట్ట విరుద్ధం!

జనానికి కోపం వచ్చింది. వైట్‌హౌస్‌కు పంపిన విజ్ఞప్తి మీద 1,14,000 మందికి పైగా సంతకాలు చేశారు. మార్చిలో ప్రభుత్వం వారి వాదన సబబేనని జవాబిచ్చింది. 2014 ఆగస్టు 1న అధ్యక్షుడు ఒబామా సంతకంతో, ఫోను యజమాని తాళం విప్పుకోవచ్చు, విప్పించుకోవచ్చు అనే చట్టం వచ్చింది.

కథ కంచికి చేరిందనుకుంటున్నారా? లేదు. పాత చట్టం అలాగే వుంది. మూడేళ్లకొకసారి మినహాయింపు కోసం మళ్లీ అడుగుతూనే వున్నారు; 2024లోనూ అడిగి తెచ్చుకున్నారు. పైగా యీ మినహాయింపు తాళం విప్పడానికే. విప్పే సాధనాన్ని తయారుచేసి అమ్మడానికి వర్తించదు. తాళం తీసుకోవచ్చు గాని మారుతాళం చెవి అమ్మకూడదన్నమాట! కెనడా యీ గొడవంతా లేకుండా 2017 డిసెంబరు నుంచి తాళం వేసిన ఫోన్లను అమ్మరాదని కంపెనీలనే ఆదేశించింది. 2021 డిసెంబరులో బ్రిటన్ కూడా అదే చేసింది.

మన దేశంలో మామూలుగా అమ్మే ఫోన్లకు యిలాంటి తాళం వుండదు. ఏ కంపెనీ సిమ్ అయినా పెట్టుకోవచ్చు. కాని మన చట్టం ముట్టుకోవద్దన్నది ఒకటుంది. మీ యింట్లోని ఫోనులో *#06# నొక్కండి. ఐఎంఈఐ అనే 15 అంకెల సంఖ్య కనిపిస్తుంది. ఇది సిమ్‌ది కాదు, ఫోనుది. దొంగిలించిన ఫోను ఏ సిమ్ పెట్టినా పనిచేయకుండా ఆపేది యీ సంఖ్య సాయంతోనే. అందుకే దీన్ని మార్చడం, ఫోను మీ సొంతమే అయినా నేరం. 2023 నాటి టెలికాం చట్టం ప్రకారం 3 ఏళ్ల దాకా జైలు, 50 లక్షల రూపాయల దాకా జరిమానా. అమెరికాలో తాళం విప్పినవాడు వాడుకున్నది తన ఫోనునే. ఐఎంఈఐ మారిస్తే, ఫోను పోగొట్టుకున్న వేరొకరు దాన్ని వెదికే దారి మూసుకుపోతుంది. రెండూ ఒకటి కావు.

ఈ సంఖ్యలో ఒక తమాషా కూడా వుంది. మొదటి ఎనిమిది అంకెలు ఫోను రకాన్ని, తరువాతి ఆరు ఆ రకంలో దాని వరుసను చెబుతాయి. చివరి అంకె కాపలాదారు. 49015420323751 అనే 14 అంకెలు తీసుకోండి. ఎడమ నుంచి రెండవది, నాలుగవది, ఆరవది... యిలా ఒకటి విడిచి ఒకటి రెట్టింపు చేయండి. రెండంకెలు వస్తే ఆ రెంటినీ కలపండి (18 వస్తే 1+8=9). అప్పుడు 9, 2, 8, 0, 4, 5, 2 వస్తాయి, మొత్తం 30. ముట్టుకోని అంకెల మొత్తం 22. రెండూ కలిపితే 52. దాన్ని పదుల లెక్కకు, అంటే 60కి చేర్చడానికి 8 కావాలి. ఆ 8 పదిహేనవ అంకె. మీ యింటి ఫోను సంఖ్యతో చేసి చూడండి. సరిపోకపోతే ఫోనును అనుమానించే ముందు కూడిక మరోసారి సరిచూసుకోండి.