గోల్ఫ్ క్లబ్బుల ఎంపిక: బ్రాండ్‌కు ఎంత విలువ ఇవ్వాలి?

1.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరువాత మీరు:
• గోల్ఫ్ క్లబ్‌లోని భాగాలను, క్లబ్బుల రకాలను గుర్తించగలుగుతారు.
• ప్రధాన బ్రాండ్లు ఏ కారణాలవల్ల పేరు పొందాయో వివరించగలుగుతారు.
• మంచి బ్రాండ్‌కు, మనకు సరిపోయే వస్తువుకు మధ్య ఉన్న తేడాను విశ్లేషించగలుగుతారు.
• ఖరీదైన క్రీడా పరికరాన్ని కొనేటప్పుడు పాటించవలసిన క్రమాన్ని సూచించగలుగుతారు.

1.1 విషయ పరిచయం

వస్తువు నాణ్యతను స్వయంగా పరీక్షించుకోలేని కొనుగోలుదారుడికి బ్రాండ్ ఒక హామీగా పనిచేస్తుంది. ఆ హామీ ఎంతవరకు నమ్మదగినదో గోల్ఫ్ క్లబ్బుల ఉదాహరణతో ఈ భాగంలో పరిశీలిద్దాం. ఇక్కడ 'క్లబ్' అంటే ఆటగాళ్ల సంఘం కాదు, బంతిని కొట్టే సాధనం అని గమనించండి.

"మనలో గోల్ఫ్ ఆడేవాళ్లు ఎంతమంది?" అని మీరు అడగవచ్చు. తక్కువమందే. అయినా ఈ ఆట మనకు కొత్తది కాదు. 1829లో ఏర్పడిన రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్, బ్రిటిష్ దీవుల వెలుపల ఏర్పడిన గోల్ఫ్ సంఘాలలో అతి పురాతనమైనది. హైదరాబాద్‌లో గోల్కొండ కోట ప్రాంతంలోను, విశాఖపట్నంలోను గోల్ఫ్ మైదానాలు ఉన్నాయి. ఈ ఉదాహరణను ఎంచుకోవడానికి మరో కారణం కూడా ఉంది. వస్తువు ఖరీదైనది, అమ్మేవారికి తెలిసినంత కొనేవారికి తెలియదు, ప్రకటనల నిండా ప్రసిద్ధ ఆటగాళ్లే కనిపిస్తారు. ఈ మూడూ ఒకేచోట కలిసినప్పుడు పొరపాటు సులభంగా జరుగుతుంది.

1.2 క్లబ్ నిర్మాణం, రకాలు

ప్రతి క్లబ్‌లో మూడు భాగాలు ఉంటాయి: చేతితో పట్టుకునే గ్రిప్, పొడవైన కాడ అయిన షాఫ్ట్, బంతిని తాకే హెడ్. షాఫ్ట్‌ను ఉక్కుతో గాని, గ్రాఫైట్‌తో గాని తయారుచేస్తారు. గ్రాఫైట్ షాఫ్ట్ సాధారణంగా తేలికగా ఉంటుంది.

ఎక్కువ దూరం కొట్టడానికి డ్రైవర్, ఫెయిర్‌వే వుడ్‌లు, మధ్య దూరాలకు హైబ్రిడ్‌లు, ఐరన్‌లు, తక్కువ దూరాలకు వెడ్జ్‌లు, బంతిని గుంటలోకి దొర్లించడానికి పట్టర్ వాడతారు. హెడ్ ముఖభాగం వెనక్కి వాలి ఉండే కోణాన్ని 'లాఫ్ట్' అంటారు. లాఫ్ట్ పెరిగేకొద్దీ బంతి ఎత్తుగా లేచి, తక్కువ దూరం వెళుతుంది.

నిబంధనల ప్రకారం ఆటగాడు ఒక రౌండులో 14 క్లబ్బులకు మించి వెంట ఉంచుకోరాదు. ఇది గరిష్ఠ పరిమితి మాత్రమే. కొత్తగా నేర్చుకునేవారికి ఆరేడు క్లబ్బులు సరిపోతాయి.

1.3 ప్రధాన బ్రాండ్లు – వాటి నేపథ్యం

పింగ్: జనరల్ ఎలక్ట్రిక్ సంస్థలో ఇంజనీరుగా పనిచేసిన కార్‌స్టెన్ సోల్‌హైమ్ 1959లో తన ఇంటి గ్యారేజీలో ఒక పట్టర్‌ను తయారుచేశాడు. బంతి తగిలినప్పుడు వచ్చిన శబ్దమే బ్రాండ్ పేరు అయింది. హెడ్ బరువును మధ్యలో కాకుండా అంచులకు పంచడం ఆయన ప్రాచుర్యంలోకి తెచ్చిన మార్పు. అలా చేస్తే బంతి ముఖభాగం మధ్యలో తగలకపోయినా హెడ్ తక్కువగా మెలితిరుగుతుంది, తప్పు దెబ్బకు నష్టం తగ్గుతుంది.

టేలర్‌మేడ్: పూర్వం డ్రైవర్ హెడ్‌లను పర్సిమన్ చెక్కతో చేసేవారు. ఈ చెట్టు మన తునికి చెట్టుకు దగ్గరి జాతి. 1979లో గ్యారీ ఆడమ్స్ స్థాపించిన ఈ సంస్థ చెక్కకు బదులు ఉక్కు హెడ్‌ను మార్కెట్‌లోకి తెచ్చింది.

కాలవే: 1991లో 'బిగ్ బెర్తా' అనే పెద్ద హెడ్ డ్రైవర్‌తో పేరు పొందింది. సాధారణ ఆటగాడు కూడా ధైర్యంగా డ్రైవర్ పట్టుకునేలా చేయడమే దాని విజయ రహస్యం.

మిజునో: 1906లో జపాన్‌లోని ఒసాకాలో మొదలైంది. పోత పోయకుండా, కాల్చిన ఉక్కును అచ్చులో బలంగా ఒత్తి మలచిన ఐరన్‌లకు ప్రసిద్ధి.

టైటిలిస్ట్: మొదట గోల్ఫ్ బంతులకు పేరు పొంది, తరువాత క్లబ్బులలోను స్థానం సంపాదించింది.

ప్రతి బ్రాండ్ ఒక నిర్దిష్టమైన సమస్యను పరిష్కరించి పేరు తెచ్చుకుందని మీరు గమనించే ఉంటారు. ఆ సమస్య మనకు ఉన్నదా, లేదా అన్నది మనం తేల్చుకోవలసిన విషయం.

1.4 బ్రాండ్ పేరు చెప్పని విషయాలు

1.4.1 నిబంధనల పరిమితి: ఆర్ అండ్ ఏ, యు.ఎస్.జి.ఏ. అనే రెండు సంస్థలు పరికరాలకు నిబంధనలు నిర్ణయిస్తాయి. డ్రైవర్ హెడ్ ఘనపరిమాణం 460 ఘన సెంటీమీటర్లకు మించరాదు. ముఖభాగం స్ప్రింగులా బంతిని తోసే శక్తికి కూడా గరిష్ఠ పరిమితి ఉంది. పేరున్న బ్రాండ్లన్నీ ఈ గీతకు దగ్గరగానే తయారుచేస్తాయి. కాబట్టి "అందరికంటే దూరం" అనే ప్రకటనలో మిగిలే తేడా స్వల్పం.

1.4.2 అంకెలు, అక్షరాలు: ఐరన్ మీద '7' అని ఉంటుంది. ఆ అంకెకు ఇంత లాఫ్ట్ ఉండాలనే ఉమ్మడి ప్రమాణం లేదు. సంప్రదాయ పద్ధతిలో చేసిన 7 ఐరన్ లాఫ్ట్ సుమారు 34 డిగ్రీలు ఉంటే, దూరం కోసం చేసిన కొత్త నమూనాలలో 28 నుంచి 30 డిగ్రీలే ఉండవచ్చు. దుకాణంలో రెండింటినీ కొట్టి చూసినవారు "ఈ బ్రాండ్ 7 ఐరన్ ఎక్కువ దూరం వెళ్లింది" అనుకుంటారు. నిజానికి వారు కొట్టింది పాత లెక్కలో 6 లేదా 5 ఐరన్. షాఫ్ట్ బిగువును సూచించే ఆర్, ఎస్ వంటి అక్షరాలదీ ఇదే స్థితి. ఒక సంస్థ 'ఆర్' మరొక సంస్థ 'ఆర్'తో సమానం కానక్కరలేదు.

1.4.3 ప్రసిద్ధ ఆటగాళ్ల ప్రచారం: టైగర్ వుడ్స్ వేర్వేరు కాలాలలో టైటిలిస్ట్, నైకీ, టేలర్‌మేడ్ క్లబ్బులు వాడాడు. నైకీ ఒప్పందంలో ఉన్న కాలంలో కూడా పలు ప్రధాన పోటీలను మరొక సంస్థ పట్టర్‌తోనే గెలిచాడు. నైకీ 2016లో క్లబ్బుల తయారీ నుంచే తప్పుకుంది. ఒప్పందం ఆటగాడిని బ్రాండ్‌తో కలుపుతుంది. అది మన చేతికి ఆ క్లబ్ నప్పుతుందని చెప్పదు.

1.5 శరీరానికి తగిన క్లబ్

ఇక్కడ నా అనుభవం ఒకటి చెబుతాను. పదవీ విరమణ తరువాత ఈ ఆట నేర్చుకోవాలన్న కోరికతో, చేతికి వచ్చిన డబ్బులోంచి ఒక పేరున్న బ్రాండ్ సెట్ కొన్నాను. టీవీలో చూసిన ఆటగాడి చేతిలో ఉన్నది అదే. అమ్మినవారు నా ఎత్తు అడగలేదు, నేనూ అడిగించుకోలేదు. షాఫ్ట్‌లు నా వయసుకు బాగా బిగువైనవి. బంతి లేవడం లేదని ఇంకా బలంగా కొట్టాను. రెండు నెలలకు మోచేతి నొప్పి పట్టుకుంది. చివరకు మైదానంలోని శిక్షకుడు హెడ్ అడుగున ఒక టేపు ముక్క అంటించి నాలుగు దెబ్బలు కొట్టించాడు. గీతలన్నీ ఒక అంచునే పడ్డాయి. "సార్, సెట్ మంచిదే. మీది కాదు" అన్నాడు. సగం ధరకు అమ్ముకున్నాను. మార్కెటింగ్ పాఠాలు చెప్పినవాడికే ఇలా జరిగింది!

ఆ శిక్షకుడు తరువాత నాకు చూపించిన కొలతలు ఇవి:

(అ) పొడవు: ఎత్తుతోపాటు, నిటారుగా నిలబడినప్పుడు మణికట్టు నుంచి నేలకు ఉన్న దూరాన్ని కూడా చూడాలి. ఎత్తు ఒకటే అయినా చేతుల పొడవు వేరుగా ఉండవచ్చు.

(ఆ) లై కోణం: షాఫ్ట్‌కు, నేలకు మధ్య కోణం. కుడిచేతి ఆటగాడికి బంతిని తాకే వేళ హెడ్ ముందు కొన పైకి లేస్తే బంతి ఎడమకు, కిందికి వంగితే కుడికి వెళ్లే అవకాశం ఉంటుంది.

(ఇ) షాఫ్ట్ బిగువు, బరువు: చేతి వేగం తక్కువైనవారికి మెత్తని, తేలికైన షాఫ్ట్ నప్పుతుంది.

(ఈ) గ్రిప్ మందం: మరీ సన్నమైనా, మరీ లావైనా పట్టు కుదరదు. దీన్ని తక్కువ ఖర్చుతో మార్చుకోవచ్చు.

1.6 బ్రాండ్ ఉపయోగపడే సందర్భాలు

అయితే బ్రాండ్ వ్యర్థమని అర్థం కాదు. మంచి బ్రాండ్‌లో ఒక సెట్‌లోని క్లబ్బుల మధ్య బరువు, కోణాల క్రమం సరిగా ఉంటుంది. శరీర కొలతలకు తగినట్లు ఎంచుకునే ఏర్పాటు ఉంటుంది. పింగ్ సంస్థ లై కోణాన్ని రంగు చుక్కలతో సూచించడం దీనికి ఉదాహరణ. తిరిగి అమ్మినప్పుడు ధర కూడా మెరుగ్గా వస్తుంది.

పేరున్న బ్రాండ్లకే నకిలీలు వస్తాయన్నది మరువరాదు. నమ్మలేనంత తక్కువ ధర, వంకరగా ఉన్న అక్షరాలు, సీరియల్ నంబరు లేకపోవడం అనుమానించదగిన లక్షణాలు. బిల్లు, గ్యారంటీ పత్రం తప్పక తీసుకోవాలి. వస్తువు నాణ్యత, ధర, ప్రమాణాల గురించి సమాచారం పొందే హక్కును వినియోగదారుల రక్షణ చట్టం, 2019 మనకు ఇచ్చింది.

1.7 ఎంపిక క్రమం

1. ముందు అద్దెకో, అరువుకో తీసుకున్న క్లబ్బులతో కొన్ని వారాలు నేర్చుకోండి.
2. శిక్షకుడితో శరీర కొలతలు తీయించుకోండి.
3. ఎంత ఖర్చు చేయగలరో కాగితం మీద రాసుకోండి.
4. కొలతలకు, ఖర్చుకు సరిపోయే రెండు మూడు బ్రాండ్లను కొట్టి చూడండి. 7 ఐరన్‌లను పోల్చేటప్పుడు లాఫ్ట్ ఎంతో అడగండి.
5. కొత్త నమూనాతోపాటు, ఒకటి రెండేళ్ల కిందటి నమూనాను, వాడిన సెట్‌ను కూడా పరిశీలించండి.
6. చివరగా బ్రాండ్‌ను నిర్ణయించుకోండి.

1.8 సారాంశం

గోల్ఫ్ క్లబ్బుల బ్రాండ్ తయారీ నాణ్యతకు హామీ ఇస్తుంది. కొనేవారి శరీరానికి నప్పుతుందన్న హామీ ఇవ్వదు. నిబంధనలవల్ల మంచి బ్రాండ్ల మధ్య తేడా తక్కువ. పొడవు, లై కోణం, షాఫ్ట్, గ్రిప్ సరిపోవడంలో వచ్చే తేడా ఎక్కువ. కాబట్టి కొలతలు మొదట, ఖర్చు తరువాత, బ్రాండ్ చివర. చెప్పులు, సైకిలు, కళ్లజోడు కొనేటప్పుడు కూడా ఈ క్రమమే వర్తిస్తుంది.

1.9 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఒక రౌండులో గరిష్ఠంగా ఎన్ని క్లబ్బులు వెంట ఉంచుకోవచ్చు?
2. డ్రైవర్ హెడ్ ఘనపరిమాణ పరిమితి ఎంత?
3. లాఫ్ట్ తగ్గితే బంతి దూరం ఏమవుతుంది?
జవాబులు: 1. 14, 2. 460 ఘన సెంటీమీటర్లు, 3. సాధారణంగా పెరుగుతుంది.

1.10 నమూనా పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. గోల్ఫ్ క్లబ్బుల ఉదాహరణతో బ్రాండ్ హామీకి ఉన్న పరిమితులను చర్చించండి.
2. క్లబ్ శరీరానికి సరిపోవడానికి చూడవలసిన కొలతలను వివరించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఐరన్ మీది అంకె కొనుగోలుదారుడిని ఎలా పొరపాటు పడేలా చేయగలదు?
2. మీరు ఇటీవల బ్రాండ్ చూసి కొన్న వస్తువు ఒకటి తీసుకుని, అది మీ అవసరానికి ఎంతవరకు సరిపోయిందో రాయండి.